మ్యాపులో మన ఇల్లు ఏ రంగులో ఉంది?

"మీ ఊరి మాస్టర్ ప్లాన్ ఎప్పుడైనా చూశారా?" అని పోయిన నెల అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది చూడలేదనే రాశారు. కొందరు అది ఆఫీసర్లకు సంబంధించిన కాగితం కదా అన్నారు. 31 ఏళ్లు టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నాను, అది మీ కాగితం. ఊళ్లో ఏ జాగా దేనికి వాడాలో చెప్పే మ్యాపు అది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మ్యాపులకు చేత్తోనే రంగులు వేసేవాళ్లం. ఇళ్లకు పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా, పార్కులకు ఆకుపచ్చ. పది వేల స్కేలు మ్యాపులో ఒక మిల్లీమీటరంటే నేల మీద 10 మీటర్లు. పెన్సిల్ గీత ఆ కాస్త పక్కకు జరిగితే ఒక ఇల్లు పట్టేంత జాగా రంగు మారిపోతుంది. ఈ నెల ప్రశ్నల్లో సగం ఆ గీత గురించే.

ప్రశ్న: మేడమ్ గారూ, మా ఊరిని పక్క మున్సిపాలిటీలో కలిపారు. ఇప్పుడు ముసాయిదా మాస్టర్ ప్లాన్ వచ్చింది. మా పొలాల మీదుగా 100 అడుగుల రోడ్డు, మిగతా సర్వే నంబర్లన్నీ పారిశ్రామిక జోన్ అంటున్నారు. మాకున్నది రెండెకరాల ఇరవై గుంటలు. బిడ్డ పెళ్లికి ఎకరం అమ్ముదామని బేరం పెట్టుకుంటే, కొనేటాయన ఈ మాట విని వెనక్కి పోయిండు. ఇగ ఆ భూమి మాది కాదా?
– ఒక రైతు, ఉత్తర తెలంగాణ

జవాబు: అన్నా, భూమి మీదే. మాస్టర్ ప్లాన్‌లో రంగు మారినంత మాత్రాన పట్టా మారదు, పాస్‌బుక్ మారదు. ప్రభుత్వం మీ భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం నోటిఫికేషన్ ఇవ్వాలి, పరిహారం లెక్కగట్టాలి, మీకు చెల్లించాలి. అది వేరే దారి.

అయితే "ఏం కాదు, ఉత్త కాగితమే" అని మిమ్మల్ని ఊరడించేవాళ్ల మాట కూడా నమ్మకండి. ఆ కాగితం ఖరారైతే మీరు ఆ పొలంలో ఇల్లు కట్టుకుంటానని అనుమతి అడిగినప్పుడు జోన్ అడ్డం వస్తుంది. రోడ్డు గీత కింద పడ్డ ముక్కలో ఏ కట్టడానికీ అనుమతి రాదు. రోడ్డు ఎప్పుడు వేస్తారో ఎవరూ చెప్పరు, ఏళ్ల తరబడి ఆ గీత మీ భూమి మీద అట్లాగే పడుకుని ఉంటుంది. ధర పడిపోవడం మీకు ఇప్పటికే అనుభవమైంది.

ముసాయిదా అంటే ఇంకా ఖరారు కాలేదని అర్థం. మీ చేతిలో ఉన్న సమయం ఇదే. కామారెడ్డి సంగతి మీకు తెలిసే ఉంటుంది. అక్కడ ముసాయిదాలో తమ సాగు భూముల్ని పారిశ్రామిక జోన్‌లో చూపించారని చుట్టుపక్కల ఊళ్ల రైతులు 2023 జనవరిలో రోడ్డెక్కారు, బంద్ చేశారు, కోర్టుకు వెళ్లారు. ఆ నెల ముగిసేలోపే మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే నెలలో అలాంటి తీర్మానమే జరిగింది. ధర్నా అందరికీ కనిపిస్తుంది. దాని వెనక సర్వే నంబర్లతో రాసిన అభ్యంతరాలు కూడా ఉంటేనే ఫైలు కదులుతుంది. ఇంకో సంగతి, కౌన్సిల్ తీర్మానంతోనే పని అయిపోదు. ప్లాన్‌ను ఖరారు చేసేది రాష్ట్ర ప్రభుత్వం. కాబట్టి ఒక కాపీ జిల్లా కలెక్టర్‌కు, ఇంకోటి హైదరాబాద్‌లోని టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ డైరెక్టర్‌కు పంపండి.

అభ్యంతరం ఎలా రాయాలో చెబుతాను. "మాకు అన్యాయం జరుగుతోంది" అనే ఒక్క వాక్యం రాస్తే క్లర్కు దాన్ని మిగతా వందతో కలిపి ఒకే కట్ట కడతాడు. మీ సర్వే నంబర్, విస్తీర్ణం, అందులో ఇప్పుడు ఏ పంట ఉంది, బావి ఎక్కడ, బోరు ఎక్కడ, కరెంటు మోటారు సర్వీసు నంబరు ఎంత, ఇవన్నీ రాయండి. పాస్‌బుక్ జిరాక్స్, గ్రామ నక్షా, టిపన్ (మీ సర్వే నంబరు కొలతల పటం) జత చేయండి. నక్షా మీద రోడ్డు గీత ఎటు పోతోందో ఎర్ర పెన్నుతో గీసి చూపండి. దగ్గర్లో ప్రభుత్వ భూమి ఉంటే, పాత బండ్ల బాట ఉంటే, "రోడ్డును ఇటు మళ్లించవచ్చు" అని ఇంకో రంగుతో గీయండి. అధికారికి ఇదే కావాలి. ఆయన కొత్త గీత గీయాలంటే దానికి ఆధారం ఫైల్లో ఉండాలి. కాగితాన్ని టప్పాల్ సెక్షన్‌లో, అంటే ఆఫీసుకు వచ్చే కాగితాలు తీసుకునే చోట ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు. ఇంటికొకటి చొప్పున విడివిడిగా ఇవ్వండి. ఊరంతా కలిసి ఒకే కాగితం మీద సంతకాలు చేస్తే రికార్డులో అది ఒక్క అభ్యంతరమే.

నేను ఒక చిన్న పట్టణంలో పనిచేస్తున్నప్పుడు ముసాయిదాను ఆఫీసు మేడ మీద గదిలో గోడకు తగిలించాం. దాని ముందు ఒక బీరువా ఉండేది. గడువు అయిపోయేనాటికి వచ్చిన అభ్యంతరాలు ఏడు. అందులో ఒకటి ఒక ముసలి రైతుది. ఆయనకు రాయడం రాదు, మనవడితో రాయించుకొచ్చాడు. "మీ రోడ్డు మా మోటబావి మీద నుంచి పోతాంది, వచ్చి చూడుండ్రి" అన్నాడు. నేను, కొలతలు తీసే చైన్‌మన్ వెళ్లి చూశాం. బావి ఉంది. నిండా నీళ్లున్నాయి, చుట్టూ మూడు కుటుంబాల వరి మళ్లు. మేం గీత గీసిన బేస్ మ్యాప్ పాతది, అందులో బావి లేదు. అలైన్‌మెంట్ 20 మీటర్లు పడమరకు జరిపాం. ఆ రైతు రాకపోయి ఉంటే మా మ్యాపులో అక్కడ బావి లేనట్టే. రానివాళ్ల బావులు ఇంకెన్ని ఉన్నాయో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ప్రశ్న: నమస్కారం అమ్మా. మా కాలనీ 1994 నాటి లేఅవుట్. 212 ప్లాట్లు. మధ్యలో పార్కుకు వదిలిన జాగా ఉంది, వేపచెట్లు మేమే పెట్టుకున్నాం. ఇప్పుడు వార్డు నాయకులు అక్కడ కమ్యూనిటీ హాలు కడతామంటున్నారు. ఇంకోపక్క ఎవరో వచ్చి అందులో సగం మాది, డాక్యుమెంట్లు ఉన్నాయి అని కడీలు పాతిపోయారు. మా సంఘంలో మగవాళ్లు "మనకెందుకు గొడవ" అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, హైదరాబాద్ శివారు

జవాబు: మీరు రాసిన రెండూ వేర్వేరు సమస్యలు. కడీలు పాతినవాళ్ల సంగతి ముందు చూద్దాం, అది ఆగదు కాబట్టి.

అనుమతి పొందిన లేఅవుట్‌లో రోడ్లు, సాధారణంగా 10 శాతం ఖాళీ స్థలం స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ ద్వారా అప్పగించాలి. అప్పగించాక లేఅవుట్ వేసినాయనకు దాని మీద హక్కు ఉండదు. చాలా చోట్ల గిఫ్ట్ డీడ్ రాయకుండానే వదిలేశారు. ముప్పై ఏళ్లయ్యాక ఆయన వారసులో, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పట్టుకున్న ఇంకొకరో వచ్చి పార్కు జాగాకు కొత్త ప్లాట్ నంబర్లు వేసి అమ్ముతారు. మీ దగ్గర కూడా ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం.

మీకు మూడు కాగితాలు కావాలి. మొదటిది ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరుతో ఉన్న మంజూరైన లేఅవుట్ కాపీ. ప్లాట్ కొన్నప్పుడు ఇచ్చిన రంగుల బ్రోచర్ దీనికి పనికిరాదు, ముద్ర ఉన్నదే కావాలి. రెండోది గిఫ్ట్ డీడ్. మూడోది ఆ సర్వే నంబరు మీద 1990 నుంచి ఈసీ, అంటే దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. మొదటి రెండూ సమాచార హక్కు కింద అడగండి. ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈసీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. పార్కు జాగా మీద ఏ డాక్యుమెంట్ ఎప్పుడు పుట్టిందో ఈసీలోనే బయటపడుతుంది. గిఫ్ట్ డీడ్ ఉంటే, ఆ స్థలాన్ని నిషేధిత ఆస్తుల జాబితాలో, అంటే 22ఏలో పెట్టించమని మీ స్థానిక సంస్థను రాతపూర్వకంగా అడగండి. అప్పుడు ఇక ముందు రిజిస్ట్రేషన్ జరగదు. ఔటర్ రింగు రోడ్డు లోపల అయితే హైడ్రాకు కూడా ఫిర్యాదు చేయండి. 2024 జులైలో ఏర్పడిన ఆ సంస్థ పనుల్లో పార్కుల రక్షణ ఒకటి. ఇవన్నీ జరిగేలోపు కాలనీవాళ్లు రోజూ అక్కడ ఉండాలి. పొద్దున నడక, సాయంత్రం పిల్లల ఆట, బతుకమ్మ, అన్నీ అక్కడే పెట్టుకోండి. ఫోటోలు తీసి తేదీలతో దాచండి. వాడుకలో ఉన్న పార్కును కాజేయడం కష్టం.

ఇక కమ్యూనిటీ హాలు. ఇది అడగడానికి చాలామంది మొహమాటపడతారు, ఎందుకంటే హాలు కూడా జనానికే కదా అంటారు. మీకు బెంగళూరు కేసు ఒకటి చెప్పాలి. అక్కడ ఒక లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలాన్ని పైనుంచి వచ్చిన ఆదేశంతో ఒక మెడికల్ ట్రస్టుకు ఆసుపత్రి కట్టుకోవడానికి కేటాయించారు. ఆసుపత్రి చెడ్డదని ఎవరంటారు? అయినా ఆ వీధుల్లో ఉండేవాళ్లు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. ప్లాన్‌లో పార్కుకని ఉంచిన జాగాను పాలకులు తమ ఇష్టానికి ఇంకొకరికి ఇవ్వలేరంది. దాని గురించి అడిగే హక్కు అక్కడ నివసించేవాళ్లకు ఉందని ఒప్పుకుంది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు అంటారు. మీ అభ్యంతరంలో ఈ పేరు, సంవత్సరం రాయండి. చదివే అధికారికి వెంటనే తెలుస్తుంది.

నా చేత్తో జరిగిన ఒక పని చెబుతాను. ఒక కాలనీలో పిల్లల ఆటస్థలంలో అంగన్‌వాడీ కడతామని ఫైలు వచ్చింది. మంచిపనే అనుకుని "అభ్యంతరం లేదు" అని రాసి సంతకం పెట్టాను. పక్క వీధిలోనే ఖాళీగా ఉన్న ప్రభుత్వ జాగా వెతకాలన్న ఆలోచన రాలేదు. కొన్నేళ్లకు అంగన్‌వాడీ వేరేచోటికి మారింది. ఆ గదులు గోదాము అయ్యాయి. ఆటస్థలం మాత్రం తిరిగి రాలేదు. ఆ కాలనీ మీదుగా వెళ్లినప్పుడు పిల్లలు రోడ్డు మీద క్రికెట్ ఆడుతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. హాలు కావాలంటే అడగండి, కానీ వేరే జాగాలో అడగండి. వేపచెట్లు పెట్టింది మీరు. మగవాళ్లు రాకపోతే మీరు పది మంది ఆడవాళ్లు కలిసి వెళ్లండి, సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు మీరే ఇవ్వండి.

ప్రశ్న: మేడమ్, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఔటర్ దాటాక ఒక వెంచర్‌లో రెండు గుంటల ఫామ్ ప్లాట్ తీసుకుందామనుకుంటున్నా. "నాలా కన్వర్షన్ అయిపోయింది, రేపు ఇల్లు కట్టుకోవచ్చు" అని వాళ్లు చెబుతున్నారు. మా టీమ్‌లో ఇప్పటికే నలుగురు కొన్నారు. ఈఎంఐ లెక్క వేసుకున్నా, కానీ ఏదో టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ టెన్షన్‌కు కారణం ఉంది తమ్ముడూ. ఆ "నాలా" అన్న మాట దగ్గరే చాలామంది మోసపోతున్నారు.

వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చేది రెవెన్యూ శాఖ. దానికి 2006 నాటి చట్టం ఉంది, దాన్నే వాడుకలో నాలా అంటారు. ఆ భూమిలో ఏం కట్టవచ్చో నిర్ణయించేది మాస్టర్ ప్లాన్‌లోని జోన్. మీరు చెప్పిన వైపు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధి కాబట్టి, 2013లో నోటిఫై అయిన 2031 మాస్టర్ ప్లాన్ చూడాలి. అందులో నివాస జోన్లు నాలుగు రకాలున్నాయి, పెరి అర్బన్ జోన్ ఉంది, కన్జర్వేషన్ జోన్ ఉంది. కన్జర్వేషన్ అంటే వ్యవసాయానికి ఉంచిన ప్రాంతం. అక్కడ నాలా కాగితం ఎంత పక్కాగా ఉన్నా నివాస లేఅవుట్‌కు అనుమతి రాదు. జోన్ మార్చాలంటే భూ వినియోగ మార్పు అనే వేరే ప్రక్రియ ఉంది. ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు తీసుకుని, చివరికి ప్రభుత్వం జీవో ఇస్తేనే జరుగుతుంది. వెంచర్‌వాళ్లను ఆ జీవో నంబరు అడగండి. నాలా ప్రొసీడింగ్స్ చూపిస్తే "ఇది కాదండీ" అనండి.

రెండు గుంటలంటే 242 గజాలు. ఆ సైజు చూస్తేనే అది పొలం కాదని, ప్లాటని తెలుస్తోంది. లేఅవుట్ అనుమతి లేదు కాబట్టి రోడ్లు ఎవరికీ అప్పగించరు. ఈ రోజు గేటు, గడ్డి, లైట్లు ఉంటాయి. ఐదేళ్ల తర్వాత ఆ రోడ్డు ఎవరిదన్న గొడవ వస్తే పంచాయతీ "మాది కాదు" అంటుంది. హెచ్‌ఎండీఏ పరిధిలో గ్రామ పంచాయతీకి లేఅవుట్ మంజూరు చేసే అధికారం లేదు. "పంచాయతీ సెక్రటరీ సంతకం ఉంది" అన్నా అది చాలదు.

"తర్వాత ఎల్‌ఆర్‌ఎస్ వస్తుందిలే" అనే మాట కూడా మీరు వినే ఉంటారు. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం అది. 2020లో వచ్చిన ఎల్‌ఆర్‌ఎస్‌కు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు చేసినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఎదురుచూశారు. పైగా లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం లేకపోతే, రిజిస్ట్రేషన్ నాటి ప్లాట్ విలువలో 14 శాతం ఆ స్థలానికి బదులుగా కట్టాలి. లేఅవుట్ వేసినాయన వదలాల్సిన పార్కుకు కొన్నవాళ్లు డబ్బు కట్టారు. ఆ డబ్బుతో మీ కాలనీలో పార్కు రాదు కూడా, జాగా అప్పటికే అమ్ముడుపోయి ఉంటుంది.

ఆ వెంచర్ చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు అయితే ఇంకో మాట. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కోసం 1996లో ఇచ్చిన 111 జీవో 84 గ్రామాలకు వర్తించింది. 2022లో 69 జీవోతో ఆంక్షలు తీసేస్తున్నట్టు ప్రకటించగానే అటువైపు ధరల గురించి కథలు మొదలయ్యాయి. ఆంక్ష పోయినంత మాత్రాన ప్రతి సర్వే నంబరూ నివాస జోన్ అయిపోదు. ఒక్కటే చేయండి. సర్వే నంబరు తీసుకుని ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కు మీరే దరఖాస్తు పెట్టండి. అది చేతికొచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. "ఈ ఆదివారమే ఆఫర్ లాస్ట్" అంటే ఆ ఆఫర్ పోనివ్వండి.

ప్రశ్న: మా నాన్నగారికి చెరువు పక్కన పట్టా భూమి ఉంది. పట్టా ఉన్నా ఇల్లు కట్టవద్దంటున్నారు. ఎఫ్‌టీఎల్ అంటారు, బఫర్ అంటారు, శిఖం అంటారు. వీటికి తేడా ఏమిటి? పట్టా ఉన్నప్పుడు ఆపే హక్కు వాళ్లకెక్కడిది?
– ఒక డిగ్రీ విద్యార్థిని, మేడ్చల్ ప్రాంతం

జవాబు: చెరువు నిండి మత్తడి దూకేటప్పుడు నీళ్లు ఎంతవరకు పరుచుకుంటాయో ఆ గీత ఎఫ్‌టీఎల్. ఎండాకాలం వెళ్లి చూసి "ఇక్కడ నీళ్లే లేవు" అనుకోకూడదు. ఆ గీత బయట వదలాల్సిన జాగా బఫర్. 2012 భవన నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకన్నా పెద్ద చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు. నీళ్లు పారే కాలువ లేదా వాగు వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లేకపోతే 2 మీటర్లు వదలాలి. శిఖం అంటే చెరువు మునక కింద ఉన్న భూమి. అందులో కొంత పట్టా శిఖం కూడా ఉంటుంది. మీ నాన్నగారిది అదే కావచ్చు. నీళ్లు తగ్గాక అందులో సాగు చేసుకోవచ్చు. మట్టి పోసి ఎత్తు పెంచకూడదు, కట్టకూడదు. పట్టా అంటే ఆ భూమి ఎవరిదో చెబుతుంది. అందులో కట్టవచ్చా లేదా అన్నది వేరే సంగతి.

మీ కోపం నాకు అర్థమవుతోంది. కొన్నది డబ్బు పెట్టి, పన్ను కట్టింది మీవాళ్లు. కొన్ని చెరువులకు ఎఫ్‌టీఎల్ గీత తుది నోటిఫికేషన్ కాలేదు, ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఆగింది. అలాంటి చోట జాయింట్ సర్వే చేయమని అడిగే హక్కు మీకుంది. ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లు కలిసి వచ్చి కొలిచినప్పుడు మీ నాన్నగారు అక్కడే ఉండాలి, పంచనామా మీద సంతకం పెట్టేముందు చదవాలి.

కానీ ఎఫ్‌టీఎల్ లోపలే అని తేలితే మాత్రం ఇల్లు కట్టవద్దమ్మా. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి హైదరాబాద్‌ను ఊడ్చేసింది. ఆ తర్వాతే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. మన దగ్గర పట్టణ ప్రణాళిక పుట్టిందే నీళ్ల దెబ్బ తిని. 2020 అక్టోబర్ వానలకు పాతబస్తీ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి మునిగి ఉన్నాయి. గల్లీల్లో పడవలు వేసుకుని మనుషుల్ని తెచ్చారు. ఆ ఇళ్లలోనూ రిజిస్ట్రేషన్ కాగితాలు ఉన్నాయి, తడిసిపోయాయి.

ప్రశ్న: మా వీధి అంతా ఇళ్లే. మూలమీద ఇంటి అనుమతితో కట్టిన బిల్డింగులో ఇప్పుడు ఫంక్షన్ హాలు నడుపుతున్నారు. రాత్రి 12 దాకా డీజే. పాప పదో తరగతి.
– ఒక తల్లి, వరంగల్

జవాబు: రెండు ఫిర్యాదులు విడివిడిగా పెట్టండి. చప్పుడుకు పోలీసులు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్ స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. మోగుతున్నప్పుడే 112కు ఫోన్ చేయండి. బిల్డింగు వాడకానికి టౌన్ ప్లానింగ్ విభాగం. అనుమతి పత్రం కాపీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కాపీ సమాచార హక్కు కింద తీసుకుంటే అందులో "నివాసం" అని ఉంటుంది. 2024 డిసెంబర్‌లో మీరట్‌లో నివాస ప్లాటులో కట్టిన దుకాణాలను కూల్చమని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మీకు పనికొస్తుంది. ఇన్నేళ్లుగా నడుస్తోంది కదా అన్న వాదన అక్కడ నిలవలేదు. పాపకు పరీక్షలు దగ్గరపడుతున్నాయి కాబట్టి పోలీసు ఫిర్యాదు ఈ రాత్రే చేయండి.

ప్రశ్న: నేను డాలస్ దగ్గర ఉంటాను. మా వెనక ఖాళీ జాగాలో దుకాణాల సముదాయానికి జోనింగ్ మార్చమని ఎవరో అడిగితే, సిటీ నుంచి మా ఇంటికి ఉత్తరం వచ్చింది. ఫలానా తేదీ విచారణ, వచ్చి చెప్పండి అని. వెళ్లి మూడు నిమిషాలు మాట్లాడాను. అదే నెలలో మన ఊళ్లో మా నాన్నగారి ఇంటి ఎదురు స్థలం కమర్షియల్‌గా మారిపోయిందట. ఆయనకు తెలిసింది పునాదులు తవ్వాక. మనకు అలాంటి పద్ధతి లేదా?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: టెక్సస్ చట్టంలో ఆ ఉత్తరం తప్పనిసరి బాబూ. జోన్ మార్చే జాగాకు 200 అడుగుల లోపు ఆస్తి ఉన్నవాళ్లందరికీ విచారణకు 10 రోజుల ముందే పంపాలి. (మీ రాష్ట్రంలోనే హ్యూస్టన్‌లో అసలు జోనింగ్ చట్టమే లేదు, అక్కడ ప్లాటు డీడ్లలో రాసుకున్న షరతులే ఆధారం. కాబట్టి అమెరికా అంతా ఒకటే అనుకోవద్దు.)

మన దగ్గరా ప్రకటన ఇస్తారు. పత్రికలో ఇస్తారు. హెచ్‌ఎండీఏ పరిధిలో భూ వినియోగ మార్పు ప్రకటనల్లో మామూలుగా 15 రోజుల గడువు ఉంటుంది. సర్వే నంబరు, గ్రామం, ఏ జోన్ నుంచి ఏ జోన్‌కు, నాలుగు హద్దులు, అంతే. ఆ సర్వే నంబరు తన ఇంటి ఎదురుగా ఉన్నదేనని మీ నాన్నగారికి ఎలా తెలుస్తుంది? చాలామందికి తమ సొంత సర్వే నంబరే గుర్తుండదు. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూల్లో 18 పనులు రాసి, మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగ నియంత్రణ అంది. ఆ పనులు ఊరి చేతికి రావాలని ఉద్దేశం. మన నగరాల్లో ఆ ఫైళ్లు ఇంకా సచివాలయం దాకా వెళ్లి వస్తున్నాయి. జోన్ మారుస్తున్న స్థలంలోనే పెద్ద బోర్డు పెట్టాలి, చుట్టుపక్కల ఇళ్లకు నోటీసు పంచాలి అని నేను ఉద్యోగంలో ఉండగా రెండుసార్లు రాసి పంపాను. ఇప్పటికీ అదే అడుగుతున్నాను. ఒక బిల్ కలెక్టర్ ఆస్తి పన్ను నోటీసు ఇంటింటికీ ఇవ్వగలిగినప్పుడు ఇదీ ఇవ్వగలడు.

అభ్యంతరం చెప్పడానికి పక్క ఆస్తి యజమానే కావాలని లేదు, మీరు అక్కడి నుంచి ఈమెయిల్ పంపినా సరిపోతుంది. మీ నాన్నగారి ఇంటి చుట్టూ ఉన్న సర్వే నంబర్లు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించమనండి. ఎదురు స్థలం విషయంలో జీవో కాపీ, దానికి ముందు ఇచ్చిన పత్రికా ప్రకటన కాపీ సమాచార హక్కు కింద అడగండి. ప్రకటనే ఇవ్వలేదని తేలితే హైకోర్టులో నిలబడే కారణం అది. ఆ కాగితాలు వచ్చాక నాకు మళ్లీ రాయండి.

నేను ప్రతి సోమవారం మా శాఖా గ్రంథాలయానికి వెళ్లి వారం రోజుల పేపర్లలో ఇలాంటి ప్రకటనలే చదువుతాను. పోయిన వారం ఒకటి మా వార్డుదే కనిపించింది, మా అపార్టుమెంటుకు రెండు వీధుల అవతల. జిరాక్స్ తీసి లిఫ్టు పక్కన అంటించాను. ఇప్పటికి పదకొండు మంది విడివిడిగా అభ్యంతరాలు రాసిచ్చారు. గురువారం టప్పాల్‌లో ఇచ్చి వస్తాను.